చాపల అవ్వ వేలిముద్ర

మూడు రోజులుగా మా ఇంటి వెనక టిప్పర్లు తిరుగుతున్నాయి. నేనిప్పుడు ఉంటున్నది సముద్రం ఒడ్డున ఉన్న నగరంలో, ఐదో అంతస్తులో. ప్రహరీ గోడ అవతల పోటు నీళ్లు వచ్చి నిలిచే బురద నేల ఉంది. జమ్ము, ఏవో ఉప్పునీటి పొదలు, పొద్దున పూట కొంగలు. అందులో ఎర్రమట్టి పోసి చదును చేస్తున్నారు. ఏం కడతారో తెలియదు. నిన్న మధ్యాహ్నం పొక్లెయిన్ ఆ బురదలోకి చెయ్యి పెట్టి ఒక్క దోసెడు పైకి లేపేసరికి వాసన వచ్చింది. కుళ్లిన వేర్ల వాసన, చేప పొలుసు వాసన, అడుగున ఎప్పుడూ ఎండ తగలని మట్టి వాసన. తాలింపు పెడుతున్న నేను గరిటె చేత్తో పట్టుకునే బాల్కనీలోకి వచ్చి నిలబడ్డాను. ఆవాలు మాడి బొగ్గయ్యాయి.

"ఏంటమ్మా, కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నావు? కాసేపు కూర్చోరాదా?" అంది మా అమ్మాయి.

కూర్చోలేను. మా నాన్న నుంచి వచ్చిన జబ్బు ఇది. ఆయనా ఒక్కచోట నిలిచేవాడు కాదు. పైగా ఈ వాసన నాకు ఎప్పటిదో గుర్తు చేసింది. ఎవరికీ చెప్పని సంగతి. చెప్పకపోతే ఇక ఈ ఇంట్లో నాకు అన్నం సహించేలా లేదు.

మా ఊరు భద్రాచలం వైపు, అడవి అయిపోయి గోదావరి కనపడే చోట ఉండేది. ఖమ్మం పోవాలంటే ఏన్కూరు మీదుగా పోయే బస్సు ఒకటే. అది వచ్చిన రోజు వచ్చేది, రాని రోజు లేదు. ఒక పక్క టేకు చెట్ల అడవి. దాని కింద ఊరు. ఊరి కింద మడుగు. మడుగు అవతల, నది ఒడ్డు పొడవునా, రెండు నిలువుల ఎత్తున ఒక మట్టి మిట్ట. మిట్టకి అవతల గోదావరి. ఈ వరస గుర్తుంచుకోండి, తర్వాత అక్కరకొస్తుంది. అడవిలో వాన పడితే వాగులన్నీ మడుగులోకే దిగేవి. మడుగు మెల్లమెల్లగా నిండేది, మెల్లమెల్లగా ఇంకేది. మిట్ట ఉండబట్టి గోదావరి ఎంత ఉరికినా మా వైపు తొంగి చూసేది కాదు.

మడుగంటే మీరు చెరువు అనుకునేరు. చెరువుకు గట్టూ తూమూ ఉంటాయి, దానికో లెక్క ఉంటుంది. మడుగుకు ఏ లెక్కా లేదు. ఎక్కడ నేల అయిపోయి నీళ్లు మొదలవుతాయో తెలిసేది కాదు. మనిషెత్తు తుంగ, నడుమ కలువలు, తామరలు, తామరాకుల మీద గుడ్లు పెట్టే నీటికోళ్లు. వర్షాకాలం వెళ్లాక పై గూడెం నుంచి ఆడవాళ్లు దిగివచ్చి, వాళ్ల భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ నత్తలు ఏరుకునేవాళ్లు. మేం బడి ఎగ్గొట్టి తామరకాయలు తెంపి, పచ్చి గింజలు వొలుచుకు తినేవాళ్లం. గింజ మధ్యలో ఉండే ఆకుపచ్చ మొలక తీసెయ్యకపోతే చేదు. నేను కొత్త పిల్లలకి ఆ సంగతి చెప్పేదాన్ని కాదు. వాళ్లు మొహం చేదు చేసుకుంటే చూడ్డం నాకు సరదా. అంత మంచిదాన్నేం కాదు నేను, ముందే చెబుతున్నా.

ఆ మడుగు మీద బతికిన మనిషి చాపల అవ్వ. మిట్ట మీద, సరిగ్గా నడుమ, ఒంటి గుడిసె ఆమెది. అరవై ఏళ్లుంటాయేమో. ఒక కూతురు, ఏన్కూరు పక్క ఏదో పల్లెకి ఇచ్చింది. మిగిలింది తాటిమొద్దు తొలిచిన దోనె, ఒక కొడవలి, ఒక మేక. దోనెలో మడుగంతా తిరిగి తుంగ కోసి, నిలువునా చీరి, మిట్ట మీద ఎండబెట్టి చాపలల్లేది. ఇల్లందు నుంచి ఒక సాయబు వచ్చి చాపలు కొనుక్కుపోయేవాడు. "ఈ మడుగు తుంగ చాప ఏస్తే పదేండ్లు సూసే పనే లేదు" అని ఆయన అంటే, "గట్లంటవ్, ధర కాడికొస్తె నోరు మూస్తవ్" అని ఆమె ఆయన్ని దులిపేసేది. ఇద్దరూ నవ్వేవాళ్లు.

ఇంట్లో కంటే ఆమె దగ్గర నేను గడిపిన కాలమే ఎక్కువ. బడి వదలగానే పుస్తకాలు ఇంట్లో పడేసి మిట్ట మీదికి పోయేదాన్ని. కలువ గడ్డలు ఉప్పేసి ఉడకబెట్టి పెట్టేది. పైన నల్లగా, లోపల పచ్చగా, నోట్లో వేసుకుంటే పిండిపిండిగా ఉండేవి. పరకచేపలు బొగ్గుల మీద కాల్చి, ఇంత పచ్చిమిరపకాయ, ఇంత చింతపండు వేసి నూరి అన్నంలోకి ఇచ్చేది. మా అమ్మకి ఆ చేపలు ఆనేవి కావు. "ఉప్పునీటి చేప తిన్న నాలుకకి ఇవేం రుచే" అనేది. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్లం. ఊళ్లో మాలాంటి ఇళ్లు ఏడెనిమిది ఉండేవి, అందరూ భూములు చవకని వచ్చి నిలిచినవాళ్లే.

ఒకసారి నేను అడక్కుండా ఆమె దోనె తీసుకుపోయి తుంగలో ఇరుక్కున్నాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, నడుముల్లోతు నీళ్లలో నడిచొచ్చి లాక్కొచ్చింది. దారి పొడుగునా తిట్టింది.

"ఏందే నీ తిక్క? గా దిక్కు ఎందుకు పోయినవ్? మిట్ట పక్కన తుంగ తొక్కితివా లేదా, జెప్పు ముందు!"

"తొక్కలేదవ్వా."

"తొక్కొద్దు. మిట్ట పక్కన ఏడు వరసలు మనవి గావు. కొయ్యొద్దు, తొక్కొద్దు, పసులను తోలొద్దు. గవి మిట్టను పట్టుకోనున్నయ్. మా అత్త జెప్పింది, ఆమెకు ఆమె అత్త జెప్పింది."

ఆమె నిజంగానే ఆ ఏడు వరసల్లో ఒక్క పోచ కోసేది కాదు. అన్నిటికంటే బారుగా, నున్నగా పెరిగేది ఆ తుంగే. సాయబు ఎన్నిసార్లు అడిగినా వినేది కాదు.

ఇక మా నాన్న సంగతి. కృష్ణ దిగువన, గాలిలో ఉప్పు తగిలే ఊరు ఆయనది. ఒకనాడు సముద్రం లేచి ఊళ్లోకి వచ్చింది. మా నాయనమ్మ పోయింది. ఇల్లు పోయింది. పొలమంతా ఉప్పు పట్టింది. అప్పుడు నేను చంటిదాన్నట, అమ్మ నన్ను అటక మీద ఎత్తి పట్టుకుందట. ఆ తర్వాత సముద్రానికి ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోదామని ఈ అడవి అంచుకి వచ్చాం. వచ్చీ వచ్చీ మడుగు పక్కన పడ్డాం. నాన్న పొద్దున లేవగానే పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని మడుగు దగ్గరికి పోయేవాడు. తను పాతిన కర్రకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసేవాడు. బెత్తెడు పెరిగితే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నిలబడ్డ నీళ్లంటే ఆయనకి అంత భయం.

దానికి తోడు మా తమ్ముడి జ్వరం. వాడికి ఐదేళ్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి రోజు విడిచి రోజు చలిజ్వరం. సరిగ్గా మధ్యాహ్నం వేళకి పళ్లు టకటకా కొట్టుకునేవి. ఉన్న దుప్పట్లన్నీ కప్పి, పైన నేను పడుకుని అదిమి పట్టుకునేదాన్ని. వాడి వణుకు నా పొట్టకి తగిలేది. తగ్గాక తెల్లకాగితంలా అయిపోయి "అక్కా, అయిపోయిందా?" అని అడిగేవాడు. దవాఖానాలో డాక్టరు చేదు మాత్రలిచ్చి, "మడుగు దోమలండీ. అది ఉన్నన్నాళ్లూ ఇదీ ఉంటుంది" అన్నాడట. ఆ మాట విన్న రోజున నాకు మడుగు మీద మొదటిసారి ఒళ్లు మండింది. తామరకాయలూ వద్దు, ఏమీ వద్దు, అది ఎండిపోతే చాలనుకున్నాను.

నాన్న మందు కనిపెట్టాడు. మిట్టని కోసి, మడుగు నుంచి గోదావరిలోకి మురుగు కాలువ తవ్వడం. డెల్టాలో పుట్టినవాడికి తోచే మందు అదే. అక్కడ ఏ పొలం బాగుపడాలన్నా మురుగు కాలువే దిక్కు. నీళ్లు సముద్రంలోకి పోతాయి, నేల తేలుతుంది. "నీరు పోతే దోమ పోద్ది, దోమ పోతే జరం పోద్ది, పైగా నలభై ఎకరాల నల్లమట్టి బయట పడుద్ది. వీళ్లకి తెలీదు గానీ బంగారం మీద కూర్చున్నారు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. ఊరివాళ్లు మొదట నసిగారు. ఆ మట్టిలో మిరప వేసుకోవచ్చన్న మాట ఎత్తగానే ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

తాసిల్దారు ఆఫీసులో ఒక షరతు పెట్టారు. మడుగు చుట్టూ ఇల్లో పొలమో ఉన్న ప్రతివాళ్లూ మాకు సమ్మతమే అని కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో ఒక్కరు కాదన్నా కుదరదు. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని బడిలో పేరు. ఏడో తరగతి. ఆ అర్జీ నేనే రాశాను. నాన్న చెబుతుంటే ఠావు కాగితం నిండా రాసి, చివర "చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన వేలిముద్రలు" అని కూడా రాశాను. ఆ ముక్క రాసినప్పుడు నాకు ఎంత గొప్పగా అనిపించిందో! సంతకాలన్నీ అయ్యాయి. చాపల అవ్వది ఒక్కటే మిగిలింది. నాన్న రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ వెళ్లగొట్టింది.

"మిట్ట కోస్త అంటవా సారూ? గోదారి మీదికి రాదా?"

"నీళ్లు ఇటునుంచి అటు పోతాయమ్మా, అటునుంచి ఇటు ఎందుకొస్తాయి?"

"నువ్ సదువుకున్నోనివి. నాకు తెల్వది. నేనైతే ఏలు పెట్ట."

ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అర్జీని సంచిలో పడేశాడు. తమ్ముడికి ఆ మధ్యాహ్నం జ్వరం బాగా ఎక్కువైంది. కళ్లు తేలేశాడు. అమ్మ గట్టిగా ఏడ్చింది. నేను వాడి మీద నుంచి లేచి, నాన్న సంచిలోంచి అర్జీ తీసుకుని, బడి పంతులుగారి దగ్గర తెచ్చి ఉంచిన స్టాంపు ప్యాడ్ తీసుకుని మిట్ట మీదికి ఉరికాను.

అవ్వ తుంగ చీరుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"తమ్మునికెట్లుంది బిడ్డా?"

"బాగలేదవ్వా." ఏడ్చేశాను. అది నటన కాదు. ఆ తర్వాతది మాత్రం నటనే. "అవ్వా, నీ కంట్రోలు కార్డు కాగితం వచ్చింది. దీని మీద వేలు వెయ్యాలంట."

కంట్రోలు షాపులో చక్కెరా కిరసనాయిలూ ఇచ్చే కార్డు కోసం ఆమె రెండేళ్లుగా తిరుగుతోంది. ఊరి లిస్టులో మిట్ట మీది గుడిసె లేదని తిప్పి పంపేవాళ్లు. ఆ మాట వినగానే ఆమె మొహం చూడాలి! కొడవలి కింద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, బొటనవేలు నా చేతిలో పెట్టింది. తుంగ కోసి కోసి కాయలు కాసిన వేలు. నేను సిరాకి అద్ది కాగితం మీద ఒత్తాను. తొందరలో వేలు జారింది. ముద్ర పక్కన ఇంకో సగం ముద్ర పడింది. ఆమె వేలికున్న సిరాని జుట్టుకి రాసుకుని, "ఎన్నొద్దులకస్తది బిడ్డా?" అని అడిగింది.

"జల్దీ వస్తదవ్వా" అన్నాను.

పోయేటప్పుడు తమ్ముడికని ఉడికిన గడ్డలు కొంగులో కట్టి ఇచ్చింది. ఇంటికెళ్లి కాగితం నాన్నకిచ్చాను. "ఒప్పుకుందా?" అన్నాడు ఆశ్చర్యంగా. "ఆఁ" అన్నాను. "చదివి చెప్పావా?" అన్నాడు. దానికీ "ఆఁ" అన్నాను. ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

కాలువ తవ్వకం ఎండాకాలంలో మొదలైంది. సరిగ్గా అప్పుడు అవ్వ ఊళ్లో లేదు. ఏటా శ్రీరామనవమికి భద్రాచలం వచ్చే జనం కూర్చోవడానికి, పడుకోవడానికి చాపలు కొంటారని, ఆరు నెలల చాపలూ బండికెత్తుకుని పోయేది. పది రోజులకి గానీ తిరిగి రాలేదు. వచ్చేసరికి ఆమె గుడిసె పక్కనే మిట్ట రెండు ముక్కలైంది. ఏడు వరసల తుంగ వేళ్లతో సహా పెళ్లగించి కుప్ప పోశారు. ఆమె ఆ కుప్ప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. నాన్నని తిట్టలేదు. తన ముద్ర లేకుండానే సర్కారు తవ్వుకోమందనుకుందేమో.

"గోదారికి తొవ్వ సూపినవ్ గద సారూ" అంది, అంతే.

నాన్న నవ్వాడు. నేను ఆయన వెనక దాక్కున్నాను.

ఒక్క ఏడాది, నిజం చెప్పాలంటే, నాన్న చెప్పినట్టే జరిగింది. మడుగు సగానికి సగం తేలింది. నల్లమట్టిలో మిరప ఎంత కాసిందంటే, కల్లం నిండా ఎర్రగా పరిచి ఉంటే ఊరంతా తుమ్ములు. తమ్ముడికి ఆ ఏడు జ్వరం రాలేదు. బుగ్గలొచ్చాయి. నాన్న నీళ్ల కర్ర పీకేశాడు. ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. నేనూ చేసింది మంచే అనుకున్నాను, ఏం దాచను. ఒక్క అవ్వ ఎదురైతేనే ఇబ్బంది. తుంగ పొట్టిగా, పెళుసుగా వస్తోందని సాయబు రావడం తగ్గించాడు. ఆమె మాత్రం నన్ను చూసినప్పుడల్లా అడిగేది, "కార్డొచ్చిందా బిడ్డా?" అని. నేను పక్క సందులోంచి తిరిగిపోవడం నేర్చుకున్నాను.

రెండో ఏడు వానాకాలం. మా దగ్గర చినుకు లేదు, ఎండ కాస్తోంది. పైన ఎక్కడో వారం నుంచి కురుస్తోందని బస్సులో వచ్చినవాళ్లు చెప్పారు. పొద్దున్నే నేను కాలువ గట్టున కూర్చుని చింతకాయ తొక్కలు నీళ్లలో వేస్తున్నాను. అవి నది వైపు పోవాలి కదా. పోలేదు. కాసేపు ఉన్నచోటే తిరిగాయి. తర్వాత మెల్లగా ఊరి వైపు బయలుదేరాయి. ఇంకో తొక్క వేశాను. అదీ అంతే. లేచి అరిచాను.

"నాన్నా! కాలువ వెనక్కి పారుతోంది!"

"పిచ్చిదానా, కాలువ వెనక్కెందుకు పారుద్దే?" అంటూ వచ్చాడు. చూశాడు. చూసి అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. సముద్రం ఊళ్లోకి రావడం చూసిన మనిషి. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన కాలువ సంగతి ఎరుగును గానీ లాకు సంగతి ఎరగడు. డెల్టాలో మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట, ఎక్కడో చాలా దూరంలో, లాకులుంటాయి. పోటు వచ్చినప్పుడు తలుపులు దించడానికి సర్కారు మనుషులుంటారు. మా నాన్న పొలం పక్కన కాలువ చూశాడు, అందులో నీళ్లు పోవడం చూశాడు. అవతలి చివర ఒక తలుపు ఉందనీ, అది ఉండబట్టే ఇవతల బతుకుతున్నామనీ తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకెన్నడూ పడలేదు. మాలో ఏ ఒక్కరికీ పడలేదు.

మధ్యాహ్నానికి ఊళ్లో మోకాలి లోతు. గోదావరి మిట్టకి ఇంకా మూరెడు కిందనే ఉంది. అది గుర్తు పెట్టుకోండి. మిట్ట దాటి రాలేదు. మేం కోసిన గండిలోంచే వచ్చింది. గండి ఒడ్డు బుడుంగు బుడుంగుమని విరిగి పడుతూ వెడల్పవుతోంది. మొదట పోయింది అవ్వ గుడిసె. ఆమె తన గుడిసెకేసి చూడనైనా చూడలేదు. దోనె వేసుకుని ఊళ్లోకొచ్చింది. ఇంటింటి ముందూ ఆపి "పిల్లల్నియ్యిండ్రి, పిల్లల్నియ్యిండ్రి" అని అరిచి, ముగ్గురేసి, నలుగురేసి ఎక్కించుకుని అడవి పక్కకి దాటించింది. మా తమ్ముణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నన్ను చూసి, "ఏడువకు, దోనె అంచు పట్టుకో" అంది. మనుషులెవరూ పోలేదు. గొడ్లు పోయాయి. ఆమె మేక పోయింది. మట్టిగోడల ఇళ్లు పదో పదిహేనో నానిపోయి కూర్చున్నాయి.

ఇక్కడ ఆపి, తర్వాత ఏం జరిగిందో ముందు చెప్పేస్తాను. అసలు చెప్పాల్సింది వెనక్కి నెడుతున్నానని నాకూ తెలుసు.

గండి పూడ్చలేదు. దానికి లాకు కడతామన్నారు. లాకు రాలేదు. ఏటా గోదావరి ఆ దారినే లోపలికొచ్చి, వెళ్లేటప్పుడు ఇసుక వదిలేసి పోయింది. ఐదారేళ్లలో మడుగు ఇసుక దిబ్బైంది. తుంగ పోయింది, తామరలు పోయాయి, నత్తల కోసం గూడెం ఆడవాళ్లు దిగి రావడం మానేశారు. నాన్న నల్లమట్టి మీద కూడా మోకాలెత్తు ఇసుక మేట వేసింది. గుంటల్లో నిలిచిన నీళ్లలో దోమలు మామూలే, తమ్ముడికి చలిజ్వరం మళ్లీ వచ్చింది. చివరికి ఊరే లేచిపోయి రోడ్డు పక్కకి చేరింది. ఇప్పుడు అక్కడ మడుగుండేదంటే అక్కడివాళ్లే నమ్మరు. నాన్న ముసలితనంలో ఒకసారి అన్నాడు, "ఆ ముసలమ్మ ఒప్పుకోకుండా ఉండాల్సింది" అని. ఆయన మనసులో అదే మిగిలింది. ఆయన పోయేదాకా నేను నోరు తెరవలేదు.

సరే. ఆ రోజు.

వరద తీసిన పదో రోజున తాసిల్దారు జీపులో వచ్చాడు. బడి వరండాలో కుర్చీ వేశారు. ఇల్లు పోయినవాళ్లు అప్పటికీ ఆ వరండాలోనే ఉంటున్నారు, అవ్వ కూడా. గండి పూడ్చాలా ఉంచాలా అన్నది తేల్చడానికి వచ్చాడాయన. నాన్న, మిరప రుచి మరిగిన మిగతా రైతులు, లాకు కట్టిస్తే చాలు, పూడ్చొద్దు అన్నారు. అవ్వ లేచి నిలబడింది.

"లాకు ఎప్పుడస్తదో ఎవలకెరుక సారూ. గోదారైతే ఏటేట అస్తది. పూడిపియ్యిండ్రి."

"అందరూ ఒప్పుకునే కదా తవ్వుకున్నరు? నువ్వూ ఒప్పుకున్నవు."

"నేనా? నేనెప్పుడు ఒప్పుకున్న?"

తాసిల్దారు ఫైలు విప్పాడు. నా ముత్యాల దస్తూరీ అంత దూరం నుంచీ నాకు కనపడింది. ఆయన కాగితం ఆమె ముందు పెట్టి, అడుగున వేలితో చూపించాడు.

"ఇది నీ ముద్ర కాదా? సూడు. నిన్ను మోసం చేసి ఏయించుకుంటే చెప్పు, భయపడకు. ఒక్క ముద్ర దొంగదైనా ఈ కాగితం చెల్లదు. రేపే గండి పూడిపిస్త. ఏయించినోళ్ల మీద కేసు పెడ్త."

నాన్న నిబ్బరంగానే ఉన్నాడు, ఆయనకేం తెలుసు. నేను ఆయన పక్కన, తమ్ముడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను. అవ్వ కాగితం మీదికి వంగింది. ఆమెకి చదువు రాదు. కానీ ముద్ర పక్కన జారిన సగం ముద్ర ఉంది. దాన్ని చూసింది. తన బొటనవేలు చూసుకుంది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది.

ఆమె కళ్లలో కోపం ఉండుంటే నేను చెప్పేసేదాన్నేమో. ఒట్టు, చెప్పేసేదాన్ని. లేదు. ముందు నన్ను చూసింది, తర్వాత తమ్ముణ్ని, తర్వాత నాన్నని. వరసగా లెక్కపెట్టినట్టు చూసింది.

"యాదికొచ్చింది సారూ" అంది. "నాదే. నేనే ఏసిన."

"ఏముందో సదివి ఇనిపించిండ్రా?"

"అవ్."

"ఎవరు సదివిండ్రు?"

"గీ పిల్లనే సదివింది" అని నన్ను చూపించింది. "మంచిగ సదివింది."

తాసిల్దారు ఫైలు మూసేశాడు. నాన్న నా తల మీద చెయ్యి వేసి, "మా అమ్మాయండీ. బడిలో ఫస్టు" అన్నాడు. ఆ చెయ్యి బరువుకి నేను నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. నోరు తెరవాలి. ఒక్క మాట. మడుగు మిగులుతుంది. నాన్న పోలీసు స్టేషన్‌కి పోతాడు. నాకు పద్నాలుగేళ్లు. నోరు తెరుచుకోలేదు. ఇప్పుడు ఏ సాకు చెప్పినా అది సాకే.

జనం లేచారు. అవ్వ తన మూట తీసుకుంది. మూటంటే ఏముంది, ఒక కొడవలి, రెండు చీరలు. కూతురి దగ్గరికి పోతున్నానని ఎవరితోనో అంది. నా పక్కనుంచే పోతూ ఒక్క క్షణం ఆగి, నాకు మాత్రమే వినిపించేలా, "అయితే గది కార్డు కాయితం గాదన్నట్టు" అంది. తమ్ముడి చెంప నిమిరి, మెట్లు దిగింది.

ఏన్కూరు బస్సు ఆగే చోటికి బడి దగ్గర్నుంచి అడవి అంచునే బండి బాట. దారంతా ఇంకా బురదే. అవ్వ ఆగి ఆగి, కాలు తీసి కాలు వేస్తూ నడిచింది. నేను వరండా స్తంభం పట్టుకుని నిలబడే ఉన్నాను. తమ్ముడు "అవ్వ పోతోందక్కా" అన్నాడు. చాలాసేపు ఆమె పిలిస్తే వినపడే దూరంలోనే ఉంది. నేను పిలవలేదు.